వల్లభాచార్యుల జీవన దర్శనం

తత్త్వశాస్త్రాన్ని బోధించడం వేరు, తత్త్వవేత్తగా జీవించడం వేరు. ఈ విచక్షణ చాలా ప్రాచీనమైనది. గ్రీకు దేశపు సోక్రటీసు ఒక్క గ్రంథమైనా రచించలేదు, క్రీ.పూ. 399లో ఏథెన్సు న్యాయస్థానం విధించిన విషపానాన్ని ఆయన స్వీకరించిన తీరే ఆయన సిద్ధాంతానికి భాష్యంగా నిలిచింది. ప్రాచీన గ్రీకు, రోమను తత్త్వచింతన ప్రధానంగా ఒక జీవన విధానమనీ, గ్రంథాలు ఆ సాధనకు ఉపకరణాలు మాత్రమేననీ ఫ్రెంచి పండితుడు పియర్ హాడో (1922–2010) తన రచనల్లో ప్రతిపాదించాడు. భారతదేశంలో ఈ ప్రతిపాదన కొత్తగా తోచదు. ‘దర్శనం’ అన్న పదంలోనే ఆచరణ ఇమిడి ఉన్నదని పండితులు చెబుతూనే వచ్చారు. అయితే అలా చెప్పడం సులభం. ఒక తత్త్వవేత్త సిద్ధాంతాన్నీ, అతడు ఇల్లు నడిపిన తీరునూ, జీవిక సంపాదించిన పద్ధతినీ, చివరికి లోకాన్ని విడిచిన విధానాన్నీ పక్కపక్కన ఉంచి పరిశీలించినప్పుడే ఆ మాటకు విలువ ఏర్పడుతుంది. అటువంటి పరిశీలనకు అన్ని విధాలా అనువైన జీవితం శ్రీవల్లభాచార్యులది.

ఆయన తెలుగు కుటుంబంలో పుట్టినవారు. కాని పుట్టిన చోటు తెలుగునేల కాదు. నేటి ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌కు ఉత్తరాన, బిలాస్‌పూర్ వెళ్లే రహదారిపై సిల్తారా ఉన్నది. స్పాంజ్ ఐరన్ కొలుములు, రోలింగ్ మిల్లులు, విద్యుత్కేంద్రాలు వరుసదీరిన పారిశ్రామిక ప్రాంతమది. అదే రాయపూర్ నుంచి ఆగ్నేయంగా సాగి, మహానది, పైరీ, సోంఢూర్ నదులు కలిసే రాజిమ్ పరిసరాలకు చేరితే చంపారణ్ అనే గ్రామం వస్తుంది. పూర్వం దానికి చంపారణ్యమని పేరు. వల్లభాచార్యులు 1479లో అక్కడ జన్మించారని సంప్రదాయం చెబుతుంది. ఒకవైపు ఇనుము కరిగే కొలిమి, మరొకవైపు ఒక దర్శనకర్త పుట్టిన అడవి, నడుమ నగరం. భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి కొలిమి 1959లో వెలిగినప్పటి నుంచి ఈ ప్రాంతానికి బతుకుతెరువు కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. తమ కంటె దాదాపు ఐదు శతాబ్దాలు ముందుగా ఒక తెలుగు కుటుంబం ఇదే దారిన నడిచిందన్న సంగతి వారిలో ఎందరికో తెలియకపోవచ్చు. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల పాఠకులకు సైతం వల్లభాచార్యులు ఒక పేరుగా తెలిసినంతగా ఒక ఆలోచనగా తెలియరు.

లక్ష్మణభట్టు, ఇల్లమ్మ దంపతులు వెలనాటి వైదిక బ్రాహ్మణులు. కృష్ణయజుర్వేద తైత్తిరీయ శాఖకు, భారద్వాజ గోత్రానికి చెందినవారు. వారి స్వగ్రామం కాంకరవాడ అని వంశచరిత్రలు పేర్కొంటాయి. వారు కాశీలో ఉండగా దండయాత్ర జరుగబోతున్నదన్న వార్త వ్యాపించింది. నిండు గర్భిణి అయిన ఇల్లమ్మతో లక్ష్మణభట్టు దక్షిణదిశగా బయలుదేరాడు. నడుమ చంపారణ్యంలో నెలలు నిండకముందే ప్రసవం జరిగింది. శిశువులో చలనం కనబడకపోవడంతో తల్లిదండ్రులు బిడ్డను ఒక జమ్మిచెట్టు మొదట విడిచి వెళ్లారని, తిరిగి వచ్చి చూస్తే చుట్టూ అగ్నివలయం, నడుమ సజీవుడైన శిశువు కనిపించాడని కథ. భక్తులు చెప్పుకునే ఈ గాథలో చరిత్ర ఎంత, కల్పన ఎంత అని తూచడం కష్టం. కాని దాని అంతరార్థం గమనించదగినది. ఇల్లు కోల్పోయి అడవిదారిన పడిన కుటుంబంలో పుట్టిన శిశువు పెరిగి, ఇంటినే తత్త్వసాధనకు క్షేత్రంగా నిలబెట్టాడు. మరొక చిన్న విశేషం కూడా ఉన్నది. ఉత్తరాది సంప్రదాయ గ్రంథాలు ఆయన తల్లిని ‘ఇల్లమ్మగారు’ అనే వ్యవహరిస్తాయి. భాష మారినా తెలుగు ‘గారు’ ఆ పేరును వీడలేదు.

వల్లభాచార్యుల దర్శనానికి శుద్ధాద్వైతమని పేరు. ఇక్కడ శుద్ధమంటే మాయాసంబంధం లేనిదని అర్థం. పరబ్రహ్మం జగత్తుగా పరిణమించడానికి మాయ అనే మరొక తత్త్వపు తోడ్పాటు అవసరం లేదు. బంగారం కడియమైనా, కుండలమైనా బంగారంగానే ఉన్నట్లు బ్రహ్మం ఏ వికారమూ పొందకుండానే జగద్రూపాన్ని ధరిస్తుంది. దీనినే అవికృత పరిణామవాదమంటారు. సత్తు, చిత్తు, ఆనందం అనే మూడు ధర్మాలలో చిత్తూ, ఆనందమూ మరుగున పడితే జడం. ఆనందం మాత్రమే మరుగున పడితే జీవుడు. మూడూ ప్రకటమైతే భగవంతుడు. ఉన్నది లేకపోవడం, లేనిది పుట్టడం అంటూ ఈ దర్శనంలో ఉండదు. వెలువడడం, మరుగున పడడం మాత్రమే ఉంటాయి. ఈ సిద్ధాంతానికి వేదాలు, గీత, బ్రహ్మసూత్రాలతో పాటు భాగవతాన్ని నాలుగో ప్రమాణంగా ఆయన స్వీకరించారు.

ఇంతవరకు ఇది వేదాంత విద్యార్థులకు పరిచితమైన విషయమే. తత్త్వవేత్తగా జీవించడమంటే ఏమిటన్న ప్రశ్నకు సంబంధించిన కీలకం ఆయన చేసిన మరొక విభజనలో ఉన్నది. ఆయన జగత్తును, సంసారాన్ని వేరు చేశారు. జగత్తు భగవంతుని కార్యం గనుక సత్యం. సంసారం జీవుని అవిద్య వల్ల పుట్టింది గనుక అసత్యం. ‘నేను’, ‘నాది’ అనే రెండు భావాలతో జీవుడు సత్యమైన జగత్తు మీద అల్లుకున్న గూడే సంసారం. జ్ఞానం కలిగినప్పుడు కూలిపోయేది ఆ గూడు మాత్రమే. చెట్టు, నది, ఇల్లు, మనుషులు ఎక్కడివారక్కడే ఉంటారు. శంకరాచార్యులు జగత్తుకు వ్యావహారిక సత్తను అంగీకరించారు గనుక అద్వైతం లోకాన్ని పూర్తిగా తోసిపుచ్చిందనడం సరికాదు. అయినా పరమార్థదశలో జగత్తు నిలవదన్న మాట అద్వైతికి తప్పదు. వల్లభాచార్యులు ఆ మాటను అంగీకరించలేదు. వారి మతంలో జ్ఞాని కంటికి లోకం మాయం కాదు. దాని మీద తన హక్కు మాయమవుతుంది.

ఈ విభజన పర్యవసానం దైనందిన జీవితంలో కనబడుతుంది. లోకం సత్యమైనప్పుడు దానిని విడిచి పారిపోవడంలో అర్థం లేదు. విడువవలసింది ‘నాది’ అన్న భావాన్ని. ఆ పని అడవిలో కంటె ఇంటిలోనే బాగా సాగుతుంది. ‘నాది’ అనిపించే వస్తువులన్నీ ఉండేది అక్కడే కదా. సిద్ధాంతరహస్యమనే లఘుకృతిలో ఆచార్యులు దీనికి ఒక ఆచరణను నిర్దేశించారు. శ్రావణ శుక్ల ఏకాదశి నడిరేయి తమకు లభించిన భగవదాదేశమని అందులో చెప్పుకున్నారు. తనకు సంబంధించిన సర్వస్వాన్నీ ముందుగా సమర్పించాలి. సమర్పించిన తరువాతనే ప్రసాదంగా వినియోగించుకోవాలి. సమర్పితం కానిదాన్ని ముట్టరాదు. బియ్యం, బట్ట, కూర, పాలు ఏవైనా ఈ నియమానికి లోబడినవే. వంటిల్లు ఈ విధంగా తత్త్వవిచారంలోకి ప్రవేశించింది. సిద్ధాంతముక్తావళిలో సేవను తనువుతో చేసేది, విత్తంతో చేసేది, మనస్సుతో చేసేది అని విభజించి, మానససేవయే శ్రేష్ఠమని, మొదటి రెండూ దాన్ని సాధించడానికి మార్గాలని వివరించారు. విత్తంతో చేసే సేవను మొదటి మెట్టులోనే ఉంచినప్పుడు, విత్తం ఎలా వచ్చిందన్న ప్రశ్న తప్పించుకోరానిదవుతుంది.

తత్త్వవేత్త జీవితానికి మొదటి పరీక్ష ఇక్కడే ఎదురవుతుంది. జ్ఞానాన్ని అమ్ముకొని బతకవచ్చునా? తత్త్వార్థదీప నిబంధంలో వల్లభాచార్యులు ఈ విషయంలో కఠినమైన మాట చెప్పారు. ప్రాణాలు గొంతులోకి వచ్చినా భాగవతాన్ని జీవనోపాధికి వాడుకోరాదన్నారు. జలభేదమనే మరొక చిన్న గ్రంథంలో వక్తలను ఇరవై రకాల జలాలతో పోల్చారు. అందులో బావులున్నాయి, కాలువలున్నాయి, సముద్రాలున్నాయి. గానాన్ని వృత్తిగా మార్చుకున్నవారికి పోలిక వాడిన నీరు చేరే గుంటలు. పురాణ ప్రవచనం బ్రాహ్మణ కుటుంబాలకు ప్రధాన జీవికగా ఉన్న కాలంలో, అటువంటి కుటుంబం నుంచి వచ్చిన పండితుడు ఈ మాట అనడం చిన్న విషయం కాదు.

ఆ మాట ఎలా పనిచేసిందో ‘చౌరాసీ వైష్ణవన్ కీ వార్తా’ అనే వ్రజభాషా గ్రంథం చూపుతుంది. ఆచార్యుల శిష్యులు ఎనభై నలుగురి కథలివి. కనౌజ్ నివాసి పద్మనాభదాసు వ్యాసపీఠం మీద కూర్చుని పురాణం చెప్పి కుటుంబాన్ని పోషించుకునేవాడు. నిబంధంలోని ఆ మాట చెవిన పడిన తరువాత ఆ వృత్తిని వదులుకున్నాడు. దారిద్ర్యం పైబడింది. ఇంట్లో కొలిచే మథురేశునికి శనగలు తప్ప మరేమీ నైవేద్యం పెట్టలేని స్థితి వచ్చింది. అయినా ఆయన తిరిగి వ్యాసపీఠం ఎక్కలేదు. సంప్రదాయం ఈ కథను భక్తికి దృష్టాంతంగా చెబుతుంది. విమర్శకుని దృష్టిలో ఇది మరొక విషయానికి దృష్టాంతం. గురువు గ్రంథంలో ఒక పాదంగా ఉన్న వాక్యం శిష్యుని ఇంట శనగల గిన్నెగా మారింది. సిద్ధాంతం ఎవరికి ఎంత ఖర్చు పెట్టించిందో చూపే ఇటువంటి కథలు దర్శనగ్రంథాల వ్యాఖ్యానాల్లో దొరకవు. అందుకే వార్తాసాహిత్యాన్ని కేవలం మహిమల సంకలనంగా కొట్టిపారేయడం తగదు. దానిలోని అద్భుతాలను పక్కన పెట్టినా వర్తకులు, వితంతువులు, రైతులు, సేవకులు ఒక ఆలోచనతో ఎలా కాపురం చేశారో తెలిపే అరుదైన సామగ్రి మిగులుతుంది. గుజరాతు నుంచి వచ్చిన కుణబీ కులస్థుడు కృష్ణదాసు శ్రీనాథుని ఆలయానికి అధికారి అయ్యాడు. గోవర్ధనం దగ్గర పొలం దున్నుకొని బతికిన కుంభనదాసు అక్బరు పిలుపు మీద ఫతేపూర్ సిక్రీ వెళ్లవలసి వచ్చినందుకే బాధపడ్డాడని ప్రతీతి.

తెలుగు పాఠకునికి ఇక్కడ పోతన గుర్తుకు రాక మానడు. భాగవతాన్ని రాజుకు అంకితమివ్వ నిరాకరించి, సేద్యంతో జీవించాడన్న ఐతిహ్యం పోతన పేరుతో పెనవేసుకొని ఉన్నది. పదిహేనో శతాబ్దంలోనే ఒక తెలుగు కవి భాగవతాన్ని తెలుగు చేస్తే, అదే శతాబ్దం చివర పుట్టిన మరొక తెలుగు పండితుడు దానికి సుబోధిని అనే సంస్కృత వ్యాఖ్య రచించాడు. ఒకరి కృషి తెలుగింటి పిల్లల నోట పద్యమై నిలిచింది. మరొకరి కృషి వ్రజభూమి, గుజరాతు, రాజస్థాన్ ఇళ్లలో సేవావిధానమై నిలిచింది. ఇద్దరినీ కలిపే సూత్రం గ్రంథాన్ని వెలకట్టరాదన్న పట్టుదల. కాని ఈ ఇద్దరినీ కలిపి చదివే అలవాటు తెలుగు విమర్శలో బలంగా ఏర్పడలేదు. సంస్కృతంలో రచించినందువల్ల వల్లభాచార్యులను వేదాంత చరిత్రకూ, అనుయాయులు ఉత్తరాదివారైనందువల్ల హిందీ సాహిత్య చరిత్రకూ విడిచిపెట్టడం జరిగింది.

విజయనగర సభలో వల్లభాచార్యులు వాదంలో గెలిచారని, కృష్ణదేవరాయలు కనకాభిషేకం చేశాడని సంప్రదాయ చరిత్రలు విస్తారంగా వర్ణిస్తాయి. ఆచార్యుల జీవితాన్ని పరిచయం చేసే రచనలు ఎక్కువగా ఈ ఘట్టం దగ్గరే ఆగుతాయి. తత్త్వవేత్తను దిగ్విజయంతో కొలవడం మన జీవితచరిత్రలకు అలవాటు. శంకరులకైనా, మధ్వులకైనా ఇదే కొలబద్ద. కాని దేశాన్ని మూడుసార్లు కాలినడకన చుట్టివచ్చారని చెప్పే ఆ చరిత్రలే, ప్రయాగకు ఎదురుగా యమున ఆవలి ఒడ్డున ఉన్న అడేల్ గ్రామంలో ఆయన సంసారిగా స్థిరపడ్డారని కూడా చెబుతాయి. భార్య మహాలక్ష్మి, కుమారులు గోపీనాథుడు, విఠ్ఠలనాథుడు. ఆయన ఆలోచనను అర్థం చేసుకోవడానికి రాజసభ కంటె అడేల్ ఇల్లే ఎక్కువగా తోడ్పడుతుంది. సభలో గెలిచిన వాదం ప్రతివాదిని ఒప్పించగలదు. రోజూ వండి, సమర్పించి, పంచి తినే ఇంటిలో తన సిద్ధాంతానికి తానే ప్రతివాది.

ఈ గృహస్థ తత్త్వవేత్త చివరి అధ్యాయం సులభంగా పొసగేది కాదు. ఇంటిని సాధనక్షేత్రమన్న ఆచార్యులు చివరికి సన్న్యాసం స్వీకరించారు. సన్న్యాసనిర్ణయమనే కృతిలో ఈ విషయాన్ని వారే చర్చించారు. కర్మమార్గంలో సన్న్యాసం కలియుగానికి తగదన్నారు. భక్తిసాధన కోసమని ఇల్లు విడిచినా చెడు సాంగత్యం, అభిమానం, దంభం చుట్టుకుంటాయని హెచ్చరించారు. భగవద్విరహం భరించరానిదై దానంతట అదే ఇల్లు విడిపించినప్పుడు మాత్రమే సన్న్యాసానికి అర్థమున్నదన్నారు. తర్కం స్పష్టంగానే ఉన్నది. అయితే ఆ దశ తనకు వచ్చిందని నిర్ణయించేదెవరు? సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే అంతఃకరణప్రబోధం అనే చిన్న రచన అసాధారణమైన ప్రాధాన్యం సంతరించుకుంటుంది.

షోడశగ్రంథాలుగా పేరొందిన పదహారు లఘుకృతులలో ఇది ఒకటి. శిష్యులను గాని, ప్రతివాదులను గాని ఉద్దేశించినది కాదు. ఆచార్యులు తమ మనస్సునే ఎదుట కూర్చోబెట్టుకొని మాట్లాడారు. దేహాన్నీ, దేశాన్నీ విడిచి రమ్మని రెండుసార్లు ఆదేశం వచ్చిందని, గంగాసాగర సంగమంలో ఒకసారి, మధువనంలో మరొకసారి వచ్చిన ఆ ఆదేశాలను తాము పాటించలేదని అందులో ఒప్పుకున్నారు. మూడోది లోకమంతా చూసే పరిత్యాగం. ఎదిగిన కూతురిని ప్రేమకొద్దీ అత్తవారింటికి పంపకుండా తండ్రి ఉంచుకోవడం ఎటువంటిదో, దేహాన్ని విడువలేకపోవడం అటువంటిదని పోలిక చెప్పారు. శాస్త్రవాదంలో ఎవరికీ తలవంచని పండితుడు తన మనస్సు ముందు చేతులు కట్టుకొని తన ఆలస్యాన్ని లెక్క చెప్పుకుంటున్నాడు. పోలిక సైతం శాస్త్రం నుంచి కాక, ఆడపిల్లల తండ్రులున్న ఏ ఇంట్లోనైనా అర్థమయ్యే అనుభవం నుంచి వచ్చింది. సన్న్యాసాన్ని వర్ణించేటప్పుడు కూడా ఆయన నోట ఇంటి భాషే పలికింది.

ఈ ఆలస్యానికి కారణం ఏమిటి? సంప్రదాయ వ్యాఖ్యాతలు భాగవత వ్యాఖ్య పూర్తి చేయాలన్న సంకల్పమే కారణమని సూచిస్తారు. వాస్తవంగా సుబోధిని అసంపూర్ణంగానే మిగిలింది. మొదటి మూడు స్కంధాలకు, దశమ స్కంధానికి, ఏకాదశంలో కొంత భాగానికి మాత్రమే వ్యాఖ్య లభిస్తున్నది. బ్రహ్మసూత్రాల మీది అణుభాష్యాన్ని కూడా కుమారుడు విఠ్ఠలనాథుడు పూర్తి చేయవలసి వచ్చింది. రెండు మహాగ్రంథాలు సగంలో నిలిచిపోయిన తత్త్వవేత్త జీవితాన్ని ఎలా అంచనా వేయాలి? గ్రంథమే ప్రధానమనే వారికి ఇది నష్టం. ఆచార్యుల కొలమానం ప్రకారం గ్రంథం కూడా ‘నాది’ అనిపించే వస్తువే. ధనం, ఇల్లు, కుటుంబం పట్ల మమకారాన్ని గుర్తించడం ఏ సాధకునికైనా సాధ్యమే. తాను రాస్తున్న పుస్తకం పట్ల మమకారాన్ని గుర్తించి, వాక్యం మధ్యలో కలం పక్కన పెట్టడం పండితునికి అంతకంటె కష్టం. సిద్ధాంతంలో ఆయన చేసిన జగత్తు, సంసారాల విభజన ఆఖరిసారి పరీక్షకు నిలిచింది ఆ అసంపూర్ణ వ్యాఖ్యలోనే.

విక్రమ శకం 1587లో, అంటే క్రీ.శ. 1530లో, కాశీ హనుమాన్ ఘాటులో మౌనవ్రతంలో ఉన్న ఆచార్యులను కుమారులు తమ కర్తవ్యమేమిటని అడిగారని, ఆయన ఇసుక మీద వేలితో కొన్ని శ్లోకాలు రాసి చూపారని, తరువాత గంగా ప్రవాహంలోకి నడిచి వెళ్లారని సంప్రదాయం. భగవద్విముఖులైతే కాలం మిమ్మల్ని మింగేస్తుందన్నది ఆ ఉపదేశ సారాంశం. వారసులకు ఆయన రాసి ఇచ్చిన చివరి మాట ఒక హెచ్చరిక కావడం గమనార్హం.

ఆ హెచ్చరిక వ్యర్థం కాలేదని చెప్పలేము. పూర్తిగా ఫలించిందనీ చెప్పలేము. ఆచార్యుల అనంతరం దీక్ష ఇచ్చే అధికారం ఆ వంశీకులకే పరిమితమైంది. సర్వసమర్పణ భగవంతునికన్నది సిద్ధాంతం. వంశపారంపర్య గురుత్వంలో సమర్పణ స్వీకరించే చేతులు మనుషులవి. భగవంతునికీ గురువుకూ నడుమ ఉండవలసిన గీత కొన్నిచోట్ల చెరిగిపోయింది. సంస్కర్త కర్సన్‌దాస్ మూల్జీ 1860లో గుజరాతీ పత్రిక సత్యప్రకాశ్‌లో కొందరు మహారాజుల నడవడిని ఖండిస్తూ వ్యాసం ప్రచురించాడు. దాని మీద జదునాథ్‌జీ మహారాజ్ పరువునష్టం దావా వేశారు. బొంబాయి సుప్రీంకోర్టు 1862లో ఇచ్చిన తీర్పు ప్రధానంగా కర్సన్‌దాసుకు అనుకూలంగా వెలువడింది. ఆనాడు కొందరు ఆంగ్ల విమర్శకులు ఈ వ్యవహారాన్ని అడ్డం పెట్టుకొని మొత్తం దర్శనాన్నే నిందించారు. అది న్యాయం కాదు. జలభేదం రాసిన ఆచార్యుల కంటె తీవ్రంగా కలుషిత గురుత్వాన్ని ఎవరూ ఖండించలేరు. కాని అనుయాయులు మూలగ్రంథాలను చూపి సమస్యను దాటవేయడం కూడా న్యాయం కాదు. సమర్పణను ఇంత విస్తారంగా నిర్వచించి, గురువును ప్రశ్నించే మార్గాన్ని అంత స్పష్టంగా నిర్వచించకపోవడం సిద్ధాంతంలోని లోటే. పుష్టి, మర్యాద, ప్రవాహ భేదంతో జీవులు స్వభావం చేతనే వేరు వేరని చెప్పిన సందర్భంలోనూ ఇటువంటి చిక్కే ఉన్నది. అనుగ్రహం ఎవరికి దక్కుతుందో ముందే ఏర్పడి ఉంటే, ప్రవాహంలో కొట్టుకుపోయే జీవుని ప్రయత్నానికి విలువేమిటన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

మరొక తెలుగు తత్త్వవేత్త జీవితంతో పోల్చితే ఈ లోటు మరింత స్పష్టమవుతుంది. మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి తన చుట్టూ నిర్మించిన నక్షత్ర సంఘాన్ని 1929లో తానే రద్దు చేశాడు. సత్యానికి సంస్థ మార్గం కాజాలదన్నాడు. గురువు అన్న స్థానాన్నే నిరాకరించాడు. వల్లభాచార్యులు ఇంటిని, వంశాన్ని, సేవావిధానాన్ని నమ్మారు. ఒకరి మార్గంలో అనుయాయికి ఆచరించడానికి నిర్దిష్టమైన పని కరవైంది. మరొకరి మార్గంలో పని స్పష్టంగా ఉన్నా, దాన్ని అప్పగించినవారి మీద అదుపు కరవైంది. తత్త్వవేత్తగా జీవించడం ఒక వ్యక్తికి సాధ్యమని ఇద్దరి జీవితాలూ నిరూపిస్తాయి. ఆ జీవితాన్ని తరువాతి తరానికి అప్పగించడం ఎంత కష్టమో కూడా ఇద్దరి అనుభవాలూ తెలుపుతాయి.

తిరిగి సిల్తారాకు వస్తే, ఆచార్యుల విభజన అక్కడ ఎలా నిలుస్తుందో పరిశీలించవచ్చు. కొలుముల పొగ, ఇంటి కప్పుల మీద పేరుకునే నల్లని ధూళి, షిఫ్టు ముగించుకొని వచ్చే మనిషి అలసట ఇవేవీ మాయ కావు. శుద్ధాద్వైతం ప్రకారం అవి సత్యమైన జగత్తులోనివే. వాటిని మిథ్య అని కళ్లు మూసుకోవడానికి ఈ దర్శనం అనుమతించదు. ఇనుమూ, నిప్పూ, నీరూ భగవత్కార్యాలే. వాటి మీద పరచుకున్న ‘నాది’ అన్న భావమే సంసారం. ఎవరి భూమి, ఎవరి గాలి, ఎవరి లాభం అన్న వివాదాలన్నీ ఆ రెండో కోవలోనివి. ఈ మేరకు వల్లభాచార్యులు ఆధునిక పాఠకునికి పదునైన సాధనాన్ని ఇచ్చారు. అంతకు మించి ఆశించడం పొరపాటు. కూలి గురించి, న్యాయమైన పంపకం గురించి ఆయన షోడశగ్రంథాలు మాట్లాడవు. ఉన్నవాడు సమర్పించడం వేరు, ఏమీ లేనివాడిని సమర్పించమనడం వేరు. ఈ భేదాన్ని ఆచార్యులు విస్తరించి చెప్పలేదు. పద్మనాభదాసు శనగల గిన్నె మాత్రం దాన్ని కొంత సూచించింది.

చంపారణ్‌కు ఏటా వచ్చే యాత్రికుల్లో గుజరాతు, రాజస్థాన్ ప్రాంతాల వైష్ణవులు విశేషంగా కనిపిస్తారు. అక్కడి ఆలయంలో వారికి ఆచార్యుల ప్రాకట్యస్థలం కనబడుతుంది. రాయపూర్, భిలాయి, సిల్తారాలలో కాపురమున్న తెలుగువారికి ఆ చోటు మరొక విధంగా కూడా సన్నిహితమైనది. పరాయి నేల మీద దారి మధ్యలో పుట్టి, ఇంటి భాషను తల్లి పేరులో మాత్రమే నిలుపుకొని, మరొకరి భాషలో, మరొకరి ఊళ్లలో తన ఆలోచనకు ఇల్లు కట్టుకున్నవారాయన. తెలుగు విశ్వవిద్యాలయాల తత్త్వశాస్త్ర విభాగాలూ, సాహిత్య సంస్థలూ షోడశగ్రంథాలను, ముఖ్యంగా అంతఃకరణప్రబోధాన్ని, జలభేదాన్ని సరళమైన తెలుగు వ్యాఖ్యతో పాఠకుల ముందుంచే పనిని శ్రద్ధగా చేపడితే, ఇల్లమ్మగారి కుమారుని మాట ఆమె పలికిన భాషలో వినబడుతుంది.